ఆహార మేళాలు నిర్వహించేవారికి బహిరంగ లేఖ: వండిన మనిషిని మాకు కనపడనివ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆహార మేళాలు, ఫుడ్ ఫెస్టివళ్లు, మహిళా సంఘాల అమ్మకాల ప్రదర్శనలు ఏర్పాటు చేసే అధికారులకు, వారి తరఫున పనులు చూసే ఈవెంట్ సంస్థలవారికి నమస్కారం.

మీరు ఎక్కడ మేళా పెట్టినా గుడ్డసంచీ పట్టుకుని వచ్చేవాళ్లలో నేనూ ఉంటాను. నా ఫిర్యాదు ఏ మేళా గురించో, ఏ ఊళ్లోదో ఇక్కడ రాయను. ఒక్కరిని వేలెత్తి చూపితే మిగతావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నేను వెళ్లిన చాలా చోట్ల తంతు దాదాపు ఒకటే, అందుకే ఉత్తరం అందరికీ కలిపి.

మీకు చెప్పాల్సిన కృతజ్ఞత ముందు చెప్పేస్తాను. మీ మేళాలు లేకపోతే నా నాలుకకు తెలియని రుచులు చాలా ఉండేవి. ఇప్పపువ్వు అంటే సారా తప్ప ఇంకేమీ గుర్తురాని పట్నం మనిషిని నేను. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఆదివాసీ మహిళల దగ్గర ఇప్పపువ్వు లడ్డూ కొరికాక ఆ మాట మారిపోయింది. కిస్‌మిస్‌కు దగ్గరగా ఉండే తీపి, పంటి కింద నువ్వులు, పల్లీలు. పువ్వు తెల్లవారుజామున రాలుతుందనీ, మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దెక్కక ముందే చెట్టు కిందికి వెళ్లి ఏరుకోవాలనీ, ఎండబెట్టి దాచుకుంటే చాలాకాలం ఉంటుందనీ స్టాల్లో ఉన్న అమ్మాయి చెప్పింది. మాడుగుల హల్వా కూడా అలాగే తెలిసింది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను నిలవబెట్టి, కట్టెల పొయ్యి మీద నెయ్యి పోస్తూ తిప్పే ఆ పని వింటే, కిలో ధర చూసి ముందు నోరెళ్లబెట్టినవాళ్లు కూడా మారుమాట్లాడకుండా డబ్బులు తీస్తారు. తాటిబెల్లమూ అంతే. ఆ నలుపు చూసి పాడైపోయిందేమో అనుకునేవాళ్లకు, కల్లుగా పులియకుండా కుండ లోపల సున్నం పూసి నీరా పడతారనీ, దాన్ని కాచితే వచ్చే రంగే అదనీ ఎవరో ఒకరు చెప్పాలి.

వీటిలో ఏదీ నేను ప్యాకెట్ చదివి తెలుసుకోలేదు. స్టాల్లో నిలబడ్డ మనిషి చెబితే తెలిసింది. నేను మీకు చెప్పదలచుకున్న మాట కూడా ఇదే. జనం మేళాకు వచ్చేది ఆ మనిషి కోసం. సరుకు కోసమే అయితే ఫోన్ తీసి రెండు నొక్కులు నొక్కితే ఇంటికే వస్తుంది. మీ ఏర్పాట్లు మాత్రం ఆ మనిషిని వీలైనంత వెనక్కి నెట్టేలా ఉంటున్నాయి.

ఈమధ్య ఒక మేళాలో చూసింది చెబుతాను. బందరు నుంచి వచ్చినావిడ తొక్కుడు లడ్డూలు పెట్టుకుంది. బూందీ లడ్డూ అనుకుని ఒకాయన రేటు అడిగాడు. "బూందీ కాదండీ, ఇది వేరే" అంటూ ఆవిడ చిన్న డబ్బా మూత తీసి, అందులోని శనగపిండి పొడి కాస్త ఆయన అరచేతిలో పోసింది. లావు కారప్పూసలా దూసి వేయించి, రోట్లో దంచి, జల్లెడ పట్టిన పొడి అది. బెల్లంపాకంలో పోసి మళ్లీ దంచుతారు, నెయ్యి పోస్తూ. ఆయన వేళ్ల మధ్య నలిపి చూసుకుంటున్నాడు. "పలుకు తగిలిందంటే మళ్లీ రోట్లోకే అండీ. దంచేది మా ఆయన, నాకు భుజం నొప్పి" అందావిడ. చుట్టూ నలుగురైదుగురు పోగయ్యారు. దుకాణాల్లో ఇంతకన్నా తక్కువకే దొరుకుతుంది కదా అని ఒకమ్మాయి అడిగింది. "దొరుకుతుందమ్మా. నెయ్యే పోశారా అని అడిగి మరీ తీసుకో" అని నవ్విందావిడ.

సరిగ్గా అప్పుడే స్టేజీ మీద లక్కీడ్రా మొదలైంది. స్పీకర్ ఆ స్టాల్ నెత్తినే ఉంది. ఆ తర్వాత ఆవిడ చెప్పింది ఎవరికీ వినపడలేదు, పెదాలు కదలడం మాత్రం కనిపించింది. కాసేపటికి మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు వచ్చి, "అమ్మా, ముఖ్య అతిథి వచ్చేస్తున్నారు, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, మీ సంఘాల వాళ్లందరూ వచ్చి కూర్చోవాలి" అన్నాడు. ఆవిడ లడ్డూల మీద తువ్వాలు కప్పి వెళ్లింది. అది సాయంత్రం, జనం బాగా వచ్చే వేళ. ఉపన్యాసాలు అయ్యేసరికి అరచేతిలో పొడి పోయించుకున్నాయన ఎక్కడా లేడు. ఆవిడ ఊరి నుంచి సరుకు మోసుకుని వచ్చింది కుర్చీలు నింపడానికా? సభ పెట్టుకోండి, శాలువాలు కప్పుకోండి, ఎవరూ వద్దనరు. మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి. ఆ వేళకు జనం ఎలాగూ పెద్దగా రారు.

ఇక స్టాళ్ల సంగతి. గేటు దగ్గర, మూల మలుపుల్లో ఉన్న పెద్ద స్టాళ్లకు అద్దె ఎక్కువ. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లే అక్కడుంటారు. అది వ్యాపారం, అర్థమవుతుంది. కానీ అక్కడ కూర్చునేవాళ్లలో చాలామంది ఏదీ వండరు. టోకున కొన్న పచ్చళ్లను, కారప్పొడులను, స్వీట్లను ఒకే రకం డబ్బాల్లో నింపి "అమ్మమ్మ చేతి వంట" అని స్టిక్కర్ వేస్తారు. ఆ అమ్మమ్మది ఏ ఊరని ఒకచోట అడిగాను. కౌంటర్లో కుర్రాడు ఓనర్‌కు ఫోన్ చేశాడు. ఓనర్‌కూ తెలియదు. అసలు వండుకొచ్చిన సంఘాల ఆడవాళ్లు మాత్రం ఆఖరి వరసలో, జనరేటర్ పక్కన. అక్కడిదాకా వచ్చేసరికి మా చేతుల్లో సంచులు నిండిపోయి ఉంటాయి, పర్సు ఖాళీ అయి ఉంటుంది, పిల్లలు ఇంటికి పోదామని పేచీ మొదలుపెట్టి ఉంటారు.

గ్రామీణ తయారీదారులు దళారి లేకుండా నేరుగా అమ్ముకోవాలనే కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 1999లో సరస్ మేళాలు మొదలుపెట్టింది. సరస్ అనే పొట్టిపేరులోని ఇంగ్లీషు అక్షరాలు విప్పితే గ్రామీణ చేతివృత్తులవారి సరుకులు అమ్మే సంఘం అనే అర్థం వస్తుంది. అంటే ఉద్దేశం పేరులోనే ఉంది. ప్రభుత్వ మేళా అయినా ప్రైవేటు ఫెస్టివల్ అయినా, చేతి తయారీ అని చెప్పుకుని జనాన్ని పిలిచినప్పుడు ఆ మాటకు కట్టుబడాలి కదా. కొని అమ్మేవాళ్లను రావద్దని నేననను. వాళ్లదీ బతుకుతెరువే. వాళ్ల వరస వేరుగా పెట్టండి. గేటు దగ్గర మొదటి వరస మాత్రం సొంతంగా చేసి తెచ్చినవాళ్లకు ఇవ్వండి. ముందు వరస అద్దె మీద వచ్చే లాభం కొంత తగ్గుతుంది. కానీ రుచి చూసి, మాట విని, మళ్లీ మళ్లీ వచ్చే జనం మీకు మిగులుతారు.

స్టాల్ మీద సంఘం పేరు, ఆ పైన పథకం పేరు, ఇంకా పైన నాయకుల ఫొటోలు ఉంటాయి. నాకు కావాల్సినవి కింద రాయండి చాలు: ఎవరు చేశారు, ఏ ఊరు, ఎప్పుడు చేశారు, వంటలో ఏం వేశారు. పెద్ద అక్షరాల్లో, తెలుగులో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. ఇంకో భాష అదనంగా వేసుకోవచ్చు, అంతే. దాంతో ఏమవుతుంది? కోనసీమలో తెలుగు తప్ప రానావిడ చేసిన మామిడితాండ్ర, తెలుగు తప్ప రానావిడే ఇంకో ఊళ్లో కొనుక్కుంటుంది. మధ్యన ఉన్న ప్యాకెట్ మాత్రం ఇద్దరికీ రాని భాషలో మాట్లాడుతుంది. చట్టం మార్చడం మీ చేతుల్లో లేదు. స్టాల్ ముందు పలక మీద నాలుగు తెలుగు ముక్కలు రాయించడం మీ చేతుల్లోనే ఉంది.

ఊరి పేర్ల గురించి ఇంకో మాట. బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ వచ్చింది. అరకు అరబికా కాఫీకి 2019లో, తాండూరు కందికి 2022లో వచ్చింది. పేపర్లలో రాశారు, అందరం సంతోషించాం. కానీ ఆ గుర్తింపు పనిచేసే తీరు చాలామందికి తెలియదు. 1999లో చేసిన చట్టం ప్రకారం గుర్తింపు వచ్చింది కదా అని ఎవరు పడితే వాళ్లు ఆ ముద్ర వాడుకోవడానికి లేదు. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవాళ్లు చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు చేసుకోవాలి. మీ మేళాల్లో "ఒరిజినల్ ఆత్రేయపురం" అని బోర్డు కట్టినవాళ్లలో ఎంతమంది దగ్గర ఆ కాగితం ఉంది? మీరు అడుగుతున్నారా? స్టాల్ దరఖాస్తులో ఒక గడి పెట్టి అడగండి. కాగితం లేనివాళ్లను వెళ్లగొట్టమని కాదు. నిజంగా ఆ ఊళ్లోనే చేస్తూ ఇంకా నమోదు కానివాళ్లు కొందరు ఉండొచ్చు. వాళ్లకు మీ దగ్గరే ఒక బల్ల వేసి ఫారం నింపిపెట్టండి. ఆ ఊరి ముఖం చూడకుండా బోర్డు కట్టినవాళ్ల చేత ఆ బోర్డు దింపించండి.

పూతరేకుల మాట వచ్చింది కాబట్టి అసలు బాధ చెబుతాను. మేళాలో పూతరేకులు అట్టపెట్టెల్లో పేర్చి ఉంటాయి. పది ఇరవై పెట్టెలు, బెల్లం ఒకవైపు, పంచదార ఒకవైపు, డ్రైఫ్రూట్ ఇంకోవైపు. పెట్టెలోని పూతరేకు ఎక్కడైనా ఒకటే. చూడాల్సింది రేకు తీయడం. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. జయ బియ్యం నానబెట్టి రుబ్బి, పల్చగా నీళ్లలా చేసిన పిండిలో ఆవిడ గుడ్డ ముంచుతుంది. రెండు చేతులతో ఆ గుడ్డను కుండ మీద వేసి ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ వెళ్లిన చోట పొర మిగులుతుంది. రెప్ప వేసేలోగా అంచులు లేస్తాయి. వేళ్లతో తీసి పక్కన పెడుతుంది. మంట కాస్త పెరిగితే రేకు మాడుతుంది, తగ్గితే అతుక్కుంటుంది. కాబట్టి ఒక కన్ను మంట మీదే. రేకులో నుంచి చూస్తే అవతలి మనిషి కనిపిస్తాడు, అంత పల్చన. ఆత్రేయపురంలో చాలా ఇళ్లలో రేకు తీసేది ఒకరు, నెయ్యి రాసి చుట్టేది ఒకరు, పెట్టెలో పెట్టి అమ్మేది మరొకరు. మంట ముందు కూర్చున్న మనిషికి, పెట్టె మీద ధరకు మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ చేతుల్ని చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మేళాలో మంట పెట్టనివ్వరని మీరంటారు. భయం న్యాయమైనదే. 2019 జనవరి 30న నాంపల్లి నుమాయిష్‌లో స్టాళ్లు ఎలా తగలబడ్డాయో హైదరాబాద్‌లో అందరూ చూశారు. గుడ్డ పందిళ్ల మధ్య కొబ్బరాకులు మండించమని ఎవరూ అడగరు. మైదానంలో ఒక పక్క, పందిళ్లకు దూరంగా, ఇనుప రేకుల కప్పు వేసి, ఇసుక బక్కెట్లు, నీళ్ల డ్రమ్ములు, అగ్నిమాపక సిబ్బంది పెట్టి, ఒక వంటల చావడి కట్టండి. అక్కడ వంతులవారీగా చేయించండి. పొద్దున పూతరేకులు, మధ్యాహ్నం సకినాలు చుట్టడం, సాయంత్రం హల్వా. సకినాలకైతే మంటకన్నా ముందు చెయ్యే చూడాలి. తడి బియ్యప్పిండిని వేళ్ల సందులోంచి తిప్పుతూ గుడ్డ మీద గుండ్రంగా చుట్లు వేసే ఆ పని చూస్తే పిల్లలు ఫోన్లు పక్కన పెడతారు. పెద్దవాళ్లు ఫోన్లు బయటికి తీస్తారనుకోండి, వీడియోల కోసం. మీకు అది ఉచిత ప్రచారం. సెలబ్రిటీ చెఫ్‌ను పిలిచి మైక్రోవేవ్‌లో ఏదో చేయించే ఖర్చులో సగం కూడా కాదు.

మేళా పెట్టే కాలం గురించి కూడా మాట్లాడాలి. మీ మేళాలు ఎక్కువగా చలికాలంలో పడతాయి. వాతావరణం బాగుంటుంది, జనం తిరుగుతారు, సరే. కానీ వంటకు దాని కాలం ఉంటుంది. కొత్త ఆవకాయ పెట్టేది ఏప్రిల్ చివర నుంచి, టెంక గట్టిపడ్డ కాయతో. మూడోరోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలేలా పోసి జాడీ కడతారు. మీరు డిసెంబరులో మేళా పెడితే మా ముందుకొచ్చేది ఏడు నెలలు ముదిరిన ఆవకాయ. అది బాగోదని కాదు, కానీ కొత్త ఆవకాయ ఘాటు, ముక్క కరకర అందులో వెతకకూడదు. బెల్లానికి మాత్రం మీ కాలం సరిగ్గా సరిపోతుంది. అనకాపల్లి చుట్టుపక్కల చలికాలమంతా గానుగలు ఆడతాయి. మరి ఆ కాలంలో పెట్టిన మేళాలో కొత్త బెల్లం ఎక్కడ? అన్నిట్లో ఉన్నవే ఉంటాయి: గవ్వలు, చేగోడీలు, మురుకులు, కాజాలు. అవన్నీ ఏ వీధి చివరైనా దొరికేవే.

బెల్లం మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి. మన జనానికి పసుపుపచ్చగా మెరిసే బెల్లం కావాలి. మార్కెట్లో రంగును బట్టే రేటు. ఆ రంగు కోసం చెరకు రసం కాచేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లున్నారు. కలపకుండా, బెండ మొక్కల జిగురు పోసి మడ్డి తీసి, ముదురు రంగులో దింపిన రైతుకు ధర రాదు. అతడు తప్పు చేశాడా? లేదు. మనం రంగు చూసి తీర్పు చెప్పేస్తున్నాం. మేళాలో ఈ రెండు బెల్లాలూ ఒకే పళ్లెంలో పక్కపక్కన పెట్టి, రెండూ నోట్లో వేసుకోనిచ్చి, రెండింటితో కాచిన పాకం చూపించే ఒక్క బల్ల ఉంటే చాలు. గోదావరి జిల్లాల తాటిబెల్లం మూడోదిగా పెట్టండి. తాటి ఉత్పత్తుల మీద రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన స్థానమే ఉంది. వాళ్లను పిలిస్తే వస్తారు. ఇలాంటి బల్ల ఒక్కటి మీ మేళాలో ఉంటే, నేను చుట్టాలందర్నీ వెంటబెట్టుకొస్తాను.

కాగితాల విషయానికి వస్తే, వండే ఆడవాళ్లకు పెద్ద టెన్షన్ అదే. చేతినిండా పనితనం ఉంటుంది, పోర్టల్ చూస్తే చేతులు వణుకుతాయి. నిజానికి చిన్న తయారీదారులకు చట్టం మరీ కఠినంగా ఏమీ లేదు. 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్నవాళ్లకు మామూలు రిజిస్ట్రేషన్ చాలన్నాయి, దానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలని పెట్టాయి. కానీ మధ్యలో చేసిపెడతామని వేలు తీసుకునేవాళ్లున్నారని ఒకరిద్దరు కాదు, చాలామంది చెప్పారు. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద యూనిట్ పెట్టుకుంటే ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ, సంఘాల్లోని సభ్యురాలికి 40 వేల రూపాయల దాకా ప్రారంభ పెట్టుబడి అన్నారు. ఇది ఎంతమందికి చేరిందో మీ లెక్కల్లో ఉంటుంది. నేను మాట్లాడిన ఆడవాళ్లలో ఎక్కువమందికి పథకం పేరు కూడా సరిగ్గా తెలియదు. మీ మేళాల్లో బ్యాంకులకు, బీమా కంపెనీలకు, రియల్ ఎస్టేట్ వాళ్లకు స్టాళ్లు ఉంటాయి. ఫుడ్ సేఫ్టీ అధికారికి ఒక కుర్చీ వేయలేరా? జరిమానా రాయడానికి కాదు, ఫారం నింపించడానికి.

రుచి చూపించడం గురించి ఒక్క ముక్క. సంఘాలవాళ్లు రుచికి ముక్క పెట్టేది పాత పేపరు మీద. అచ్చు సిరా తిండిలో కలుస్తుందని ఆహార భద్రత సంస్థ ఎప్పుడో వద్దంది. విస్తరాకు ముక్కలో, మోదుగాకు దొప్పలో పెట్టుకోమని దొప్పల కట్టలు మీరే ఇవ్వండి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పెట్టండి. మీరు మళ్లీ పెద్ద మీటింగ్ పెట్టుకోకుండా అయిపోయే పని ఇది.

మేళా అయిపోయాక జరిగేదే నాకు అన్నిటికన్నా కష్టం. లడ్డూ బాగుంది, డబ్బా అయిపోయింది, మళ్లీ కావాలి. ఎవర్ని అడగాలి? ప్యాకెట్ మీద ఉన్న నంబరు కొన్నిసార్లు మండల ఆఫీసులో ఎవరిదో అవుతుంది. ఆయన బదిలీ అయిపోయి ఉంటాడు. స్టాల్లో ఇచ్చిన విజిటింగ్ కార్డు పచ్చడి నూనె పీల్చుకుని అక్షరాలు మాసిపోతాయి. దాంతో ఒకసారి తిన్న రుచి మళ్లీ ఏడాదికి, అదీ అదృష్టం ఉంటే. చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం. మేళా నాలుగు రోజుల కోసం అప్పు తెచ్చి సరుకు చేస్తారు. అమ్ముడుపోతే సరే, మిగిలిపోతే నిలవ ఉండనివి దారిలోనే పాడవుతాయి. ఏడాదికి ఒక మేళా మీద ఏ వంటకమూ బతకదు.

అందుకని మేళా ముగిసే రోజు ఒక పుస్తకం ఇవ్వండి, లేదా ఫోన్లో తెరుచుకునే జాబితా పెట్టండి. వచ్చిన ప్రతి తయారీదారు ఊరు, వంటకం, ఏ నెలల్లో దొరుకుతుంది, సంఘం వాళ్లే ఎత్తే ఫోన్ నంబరు, కనీసం ఎంత తీసుకోవాలి. వాళ్లు ఒప్పుకుంటేనే వేయండి. ఆర్టీసీ కార్గో వాళ్లతో మాట్లాడి మేళాలోనే ఒక కౌంటర్ పెట్టించండి. ఊళ్ల నుంచి పార్సెల్ వేయడం ఎలాగో, జాడీ కారకుండా కట్టడం ఎలాగో ఆ నాలుగు రోజుల్లో నేర్పించండి. పచ్చడి పార్సెల్ కారి పక్కవాళ్ల చీరల మూటకు నూనె పడితే ఎంత గొడవవుతుందో బస్సుల్లో పార్సెళ్లు వేసేవాళ్లకు బాగా తెలుసు.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో చూసొచ్చి చెబుతున్నానని అనుకోకండి. మన దగ్గరే ఒక పద్ధతి ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. అక్కడి సంఘాల మహిళలు, వారిలో ఎక్కువమంది దళిత మహిళా రైతులు, ప్రతి ఏడాది సంక్రాంతి సమయంలో పాత పంటల జాతర మొదలుపెడతారు. ఎడ్లబండ్లను అలంకరించి, వాటిలో కొర్రలు, సామలు, జొన్నలు, పప్పుధాన్యాల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. బండి ఆగిన చోట ఆ ఊరి రైతులతో కూర్చుని ఏది పండింది, ఏది పండలేదు, ఎందుకు పండలేదు అని మాట్లాడతారు. విత్తనం దాచిన మనిషే అక్కడ ప్రధాన వక్త. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మన మేళాలన్నీ మిల్లెట్ నూడుల్స్, మిల్లెట్ కుకీలతో నిండిపోయాయి. ఆ ప్యాకెట్లలోని కొర్రలు ఏ ఊరి చేలోవో చెప్పే స్టాల్ నాకు ఎదురుపడలేదు. ఎడ్లబండ్లు మీరూ కట్టమని అనను. కనీసం ఆ జాతర నడిపేవాళ్లను పిలిచి, మీ మేళా ఎలా ఉందో ఒకసారి చూసి చెప్పమనండి. చెప్పింది వినే ఓపిక తెచ్చుకోండి, వాళ్లు మొహమాటపడే రకం కాదు.

కొనేవాళ్ల తప్పు లేదా అంటే ఉంది. లక్షల కారు దిగి వచ్చి, ముప్పై రూపాయల అప్పడాల కట్టకు ఇరవై అయిదు ఇస్తానని బేరమాడేవాళ్లను రోజూ చూస్తున్నాం. ఆ ఉత్తరం వాళ్లకు వేరే రాయాలి. కానీ రోకలి ఎత్తి దంచేవాళ్లను ఒకసారి చూసినవాళ్లలో అలా బేరమాడేవాళ్లు తక్కువ. అందుకే చేయించి చూపించమని అంతగా అడుగుతున్నాను.

వచ్చే సీజన్ స్టాళ్లకు మీరు దరఖాస్తులు పిలిచేటప్పుడు మూడు మార్పులు చేయండి. దరఖాస్తులో "మీరే తయారు చేస్తారా, కొని అమ్ముతారా" అనే ప్రశ్న చేర్చి, జవాబును స్టాల్ బోర్డు మీదే వేయించండి. సభా కార్యక్రమాలను సాయంత్రం అమ్మకాల వేళ నుంచి తప్పించండి. వంటల చావడికి లేఅవుట్ గీసేటప్పుడే స్థలం వదలండి, తర్వాత వదలాలంటే దొరకదు. ఈ మూడింటికీ కొత్త బడ్జెట్ అక్కర్లేదు. కుదరదంటే ఎందుకు కుదరదో మీ నోటిఫికేషన్‌లోనే ఒక వాక్యం రాయండి. అది చదివి, వీలున్న దారి ఏదైనా ఉంటే మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ మేళాలకు టికెట్ కొని వచ్చే ఒక తిండిప్రియ జీవి